చరోదా నుంచి వచ్చిన పచ్చ బంతి

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున చరోదా నుంచి నీతో బిలియర్డ్సు బల్ల మీద పూల్ ఆడే నేస్తం అప్పారావు వచ్చాడు. నువ్వు పెట్టెలో కూడబెట్టిన పాత బంతుల సెట్టులో లోటుగా ఉన్న పచ్చ బంతి ఇదేనేమోనని ఒకటి తెచ్చాడు.

"రైల్వే క్లబ్బులో పాత టేబులు ఊడదీస్తంటే లోపల దొరికిందండి, అన్నగారూ. దీనికోసం మీవోడు నా పేణం తోడేసీవోడు. సూడండి, ఇదేనా?"

రెండు బంతులు తాకించి చప్పుడు వింటే ఒకే సెట్టువో కావో తెలిసిపోతుందనేవాడివి. ఎర్రదానికి తాకించాను. చప్పుడైంది, అంతే. మీ ఆవిడ కూడా విన్నది.

"ఏటి బావగారూ, ఆయన ఎతికింది ఇదేనా?" అంది.

ఏసు చెప్పిన తప్పిపోయిన గొర్రె కథ గురించి మన రుఆబాంధా పేట ప్రార్థన కూటాల్లో ఎన్నిసార్లు గొంతు చించుకున్నానో నీకు తెలుసు. కాపరి వెతకడం చెప్పాను, భుజాన వేసుకొని రావడం చెప్పాను. అది తన గొర్రేనని ఎలా పోల్చుకున్నాడో ఒక్కసారీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఇవాళ్టి ప్రార్థనకు తెచ్చిన బైబిలు ఒళ్లోనే ఉంది. తెరవలేదు.

"నాకు తెలీదమ్మా" అన్నాను.

ఆ మాట నా నోట ఎన్నడూ వినని అప్పారావు తలెత్తి చూశాడు. మీ ఆవిడ బంతిని కొంగుతో తుడిచింది. పెట్టెలో పెట్టలేదు, పెట్టె పక్కన పెట్టింది.

అన్నయ్య