శెనక్కాయల మిల్లులో క్లబ్బు

గోరంట్ల,
17-09-2006, ఆదివారం.

మిత్రుడు గిరికి బసప్ప నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావని ఏడేళ్లలో ఒక్కసారి కూడా అడగనివాణ్ణి, ఇప్పుడు అడిగితే నవ్వుతావేమో. మన క్లబ్బులో వంట చేసిన నారాయణమ్మ అల్లుడు నిన్ను బళ్లారిలో చూశాడట. మార్కెట్ పక్కన పూల అంగడి పెట్టుకున్నావని, లేచి నిలబడాలంటే కర్ర కావాల్సి వస్తోందని చెప్పాడు. అడ్రసు నారాయణమ్మే తెచ్చిచ్చింది. ఇస్తూ, "రాస్తే సరిగ్గా రాయప్పా, సోది రాయొద్దు" అన్నది.

పోయిన వారం హిందూపురంలో మ్యాట్నీకి వెళ్లాను. తెలుగులోకి మార్చిన ఏదో ఇంగ్లీషు సినిమా. జూదపు ఇళ్లు నడిపే ముఠా కథ. అద్దాల మేడలు, సూట్లు వేసుకున్న రౌడీలు. హాల్లో ఇరవై మంది కూడా లేరు. ఒకణ్ణి వాడి స్నేహితుడే నమ్మించి కారెక్కించుకుపోయే చోట లేచి వచ్చేశాను. తర్వాత కథ ఏమైందో తెలీదు.

మనకు మేడలెక్కడివి గిరీ? వానల్లేక మూతపడిన శెనక్కాయల మిల్లు మనది. రేకుల షెడ్డు, మూడు ఫ్యాన్లు, గోడలకు పాత నూనె వాసన. క్లబ్బు పెట్టిన కొండప్ప గేటు మీద మాత్రం వినోద సంఘం అని బోర్డు రాయించాడు. ఒక పక్క బెంగళూరు కార్లు, ఇంకో పక్క పంట ఎండిన రైతుల సైకిళ్లు. నేను ముక్కలు పంచేవాణ్ణి. నువ్వు బల్లల మధ్య తిరుగుతూ దొంగాట ఆడేవాణ్ణి కళ్లు చూసే పట్టేసేవాడివి. ఎవడు గెలిచినా, ఎవడు ఓడినా కొండప్ప వాటా కొండప్పకు చేరేది. ఎదురు తిరిగినవాడి తోటలో చీనీ చెట్లు తెల్లారేసరికి నరికేసి ఉండేవి. అవన్నీ చూస్తూ కూడా మనిద్దరం అక్కడే తిన్నాం, అక్కడే పడుకున్నాం. నాకంటూ ఎవరూ లేరని నీకు తెలుసు. మధ్యాహ్నం ఆటగాళ్లు రాకముందు నువ్వూ నేనూ ఒకే తట్టలో సంగటి తినే ఆ గంటసేపే నాకు ఇల్లు.

ఒకరోజు అలా తింటూనే చెప్పావు, గోవాలో నీళ్ల మీద ఓడలో పెద్ద జూదశాల పెడుతున్నారని, కొండప్ప అందులో భాగం తీసుకుంటున్నాడని, తన మనిషిగా నిన్ను పంపుతాడని. "సముద్రం చూస్తాన్రా బసప్పా! ఈడ చెరువులో నీళ్లు చూసి మూడేళ్లాయె" అన్నావు. నాకూ సంతోషమే అన్నాను.

పదకొండు రోజుల తర్వాత అనంతపురం నుంచి ప్రత్యేకంగా పోలీసులు దిగారు. మామూళ్లు తీసుకునే ఇక్కడివాళ్లకు కూడా ముందుగా తెలియలేదు. బెంగళూరు పెద్దమనుషులు ఇద్దరు దొరికిపోయారు, పేపర్లో ఫోటోలు పడ్డాయి, గోవా బేరం చెడిపోయింది. బెయిలు మీద వచ్చిన కొండప్ప మనందరినీ షెడ్డులో నిలబెట్టాడు. లోపలివాడే చెప్పాడన్నాడు. నీ వైపు వేలు చూపి, "గోవాకు పోయే ముందు నన్ను జైల్లో పెట్టించాలనుకున్నాడు వీడు" అన్నాడు. నీ భుజాలు పట్టుకొమ్మని నన్ను పిలిచాడు.

పట్టుకున్నాను. "గిరి అట్లాటోడు కాదు సామీ!" అని నారాయణమ్మ ఏడ్చింది. అంతమందిలో నోరు తెరిచింది ఆమె ఒక్కతే. నువ్వు తల పైకెత్తి నన్ను చూసి, "బసప్పా, నువ్వన్నా చెప్పురా" అన్నావు. నేను చెప్పలేదు. గడ్డపార నీ మోకాలి మీద పడినప్పుడు నీ ఒళ్లు నా చేతుల్లో ఎగిరిపడింది. ఆ తర్వాత నిన్ను బళ్లారి పోయే లారీలో పడేశారు. నేను గేటు దాకా కూడా రాలేదు.

తర్వాత కొండప్ప వ్యాపారం బెంగళూరుకు మార్చాడు. నన్ను ఈ షెడ్డుకు కాపలా పెట్టాడు. కాపలా కాయడానికి ఇక్కడేముంది? బల్లలు కూడా తీసుకుపోయారు. వారానికోసారి నారాయణమ్మ కూరగాయల గంపతో ఇటువైపు వస్తే నాలుగు మాటలు. మిగతా రోజుల్లో మనిషి గొంతు వినాలనిపిస్తే బస్టాండుకు పోయి కూర్చుంటాను. కండక్టర్లు కదిరి, పుట్టపర్తి, నల్లమాడ అని అరుస్తుంటే కాసేపు విని తిరిగి వస్తాను. ఎక్కడికని నన్నెవరూ అడగరు.

పోయిన నెల కొండప్ప చనిపోయాడు. కిడ్నీలు చెడిపోయి ఏడాదిగా మంచంలోనే ఉన్నాడు. ఒకప్పుడు అతని వెనక నాలుగు జీపులు నడిచేవి. పాడె మోయడానికి మాత్రం మనుషుల్ని పిలుచుకురావాల్సి వచ్చింది. ఇక నువ్వు ఈ ఊరికి తిరిగొస్తే ఆపేవాళ్లు లేరు. కానీ పోలీసులకు చెప్పింది గిరే అని ఇప్పటికీ అందరూ నమ్ముతున్నారు.

నీ మిత్రుడు అని రాయడానికి చెయ్యి రాక, ఉత్త పేరే రాస్తున్నాను.

బసప్ప

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. నారాయణమ్మ సోది రాయొద్దన్నది. రాసిందంతా సోదే.

కొండప్ప పోయే ముందు నన్ను పిలిపించి, "ఫోన్ చేసింది నువ్వేనని నాకు ఆ వారమే తెలుసురా. స్టేషన్లో మనోడు చెప్పినాడు" అన్నాడు. మరి గిరినెందుకు కొట్టించావని అడిగాను. "ఎవడో ఒకణ్ణి కొట్టకుంటే మిగతావాళ్లకు భయముండదు. గిరి తెలివైనోడు, ఎప్పుడో ఒకనాడు నన్నే మించిపోతాడు. నువ్వు తప్పు చేసినోడివి. తప్పు చేసినోడు యాడికీ పోడు, వాకిట్లోనే పడుంటాడు" అన్నాడు.

అవును గిరీ. కదిరిలో టెలిఫోన్ బూత్ నుంచి అనంతపురానికి ఫోన్ చేసింది నేనే. దుడ్లకు ఆశపడి కాదు, కొండప్ప మీద కోపంతోనూ కాదు. క్లబ్బు మూతపడితే నువ్వు గోవాకు పోవనుకున్నాను. నువ్వు పోతే నాతో మాట్లాడేవాడు ఉండడని భయపడ్డాను. అంతకు మించి ఏమీ ఆలోచించలేదు.

రేపు పొద్దున షెడ్డు తాళాలు కొండప్ప ఇంట్లో ఇచ్చేస్తాను. ముందు నారాయణమ్మకు, ఆ తర్వాత బస్టాండు హోటల్లో అందరి ముందూ ఈ మాట చెబుతాను. ఈ ఉత్తరం నువ్వు ఎవరికి చూపించినా సరే. నీకు గోరంట్లకు రావాలని ఉండి, నా మొహం చూడాలని లేకపోతే ఒక కార్డు ముక్క రాయి. నేనే ఊరు విడిచి వెళ్లిపోతాను.