పాత బ్రేక్ ప్యాడ్లు

ఏవండీ, పాలు కాచి మూత పెట్టాను. బల్ల మీద పేపర్లో చుట్టి పెట్టినవి పారేయకండి. అవి డాక్టరుగారి ఎర్ర స్పోర్ట్స్ కారు పాత బ్రేక్ ప్యాడ్లు. మా షోరూం తుక్కు డబ్బాలోంచి తీసుకొచ్చాను. వెర్నియర్ పెట్టి కొలవండి. సగమే అరిగాయి. ఇంకో ఏడాది నడుస్తాయని మీరు ఆయనతో చెప్పిన మాట నిజమే.

సగం అరిగితే మార్చమని రాయడం మా సర్వీస్ కౌంటర్ పద్ధతి. ‘వెంటనే మార్చకపోతే ప్రాణాలకే ప్రమాదం’ అన్న ముక్క మాత్రం నన్నెవరూ రాయమనలేదు. అలా రాస్తే కస్టమర్లు ఎదురు మాట్లాడరని నేనే చేర్చేదాన్ని. ఆరేళ్లుగా రాస్తున్నాను. ఒక ప్యాడును చేత్తో పట్టుకొని చూసింది మాత్రం నిన్ననే.

డాక్టరుగారు మీరడిగే దానికి పదింతలు మాకు కట్టి, నేను రాసిచ్చిన ఆ కాగితం పట్టుకొచ్చి మిమ్మల్ని మీ మెకానిక్ షెడ్డులో నలుగురి ముందూ నిలదీశారు. ఆ బండి ముందు మీరు చూశారని తెలిస్తే రాసేదాన్ని కాదు. ఈ మాట అనుకుంటే ఇంకా సిగ్గేస్తోంది. వేరే మెకానిక్ చూసిన బండయితే రాయొచ్చా?

డ్యూటీకి ముందే డాక్టరుగారింటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. మేనేజరుకు తెలిస్తే నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. మీరు మాత్రం షెడ్డు తెరవండి. రెండు రోజులు మూసుకొని కూర్చున్నది చాలు.

నిన్న అన్నం తింటూ, ఆ కాగితం రాసిన చెయ్యి పడిపోను అన్నారు. అప్పుడు మీకు మంచినీళ్లు అందించింది ఆ చెయ్యే.