పారేద్దామన్న ఫ్లాస్కు

అన్నయ్యా, స్టవ్ వెలిగించకు. నీ కాఫీకి వేడినీళ్లు ఫ్లాస్కులో ఉన్నాయి. స్టవ్ పక్కనే ఉన్ని బట్ట చుట్టుకుని కూర్చుంది చూడు. కప్పులో పొడి, చక్కెర వేసి పెట్టాను, నీళ్లు పోసుకోవడమే నీ పని. మూత మెల్లగా తిప్పు, ఆవిరి కొడుతుంది.

అవును, నువ్వు పారేద్దామన్న ఫ్లాస్కే. మధ్యాహ్నానికే చల్లారిపోతోందని నిన్న నన్ను ఎంత ఆటపట్టించావో గుర్తుందిగా. చల్లటి ఫ్లాస్కులో సగానికి నీళ్లు పోస్తే అది మాత్రం ఏం చేస్తుంది? నేను ముందు కాసిని వేడినీళ్లు పోసి తిప్పి పారబోశాను. తర్వాత, పొద్దున టీకి మరిగించిన నీళ్లే మెడదాకా నింపాను.

ఇందాక సాయంత్రం నాన్నకి వాటితోనే టీ కలిపిచ్చాను. అప్పటికప్పుడు మరిగించినవి కాకపోతే ముట్టుకోని మనిషి, నాలుక కాల్చుకుని, "పొయ్యి మీద నుంచి దించి నేరుగా నా చేతికిచ్చావా ఏంటి?" అని కసిరాడు. తిట్లు ఇంత తియ్యగా ఉంటాయని నాకు ఇవాళే తెలిసింది. ఆయనకి మాత్రం అసలు సంగతి చెప్పకు.

సాయంత్రందాకా వేడి నిలిస్తే నేను గెలిచినట్టేనని నిన్న పందెం కాశావుగా, పందెం పందెమే. కరెంటు కెటిల్ కొందామన్న మాట ఇక ఎత్తొద్దు. రేపట్నుంచి గిన్నెలు తోమేది నువ్వే.

షిఫ్టుకి టైమైపోయింది, వెళ్తున్నా. అలిసిపోయి వస్తావు, కూర్చుని తాగు.

నీ నీలం స్వెటర్ కోసం ఇల్లంతా వెతక్కు. ఫ్లాస్కు తొడుక్కుంది. నీకంటే దానికే నప్పింది.