అత్తయ్యగారి ఇసుక సంచులు

అత్తయ్యగారికి నమస్కారాలు.

ఇక్కడ నేనూ మీ అమ్మాయీ క్షేమం. అక్కడ మీరూ క్షేమమనే రాస్తారు. కానీ మీ అపార్ట్‌మెంట్ కింద మందుల షాపాయన వేరేగా చెప్తున్నాడు.

మీ బీపీ మాత్రల కోసం ఆయనకి ఫోన్ చేశాను. మాటల్లో మాటగా, మీరు మోకాళ్ళకి వేసుకునే పట్టీలు ఒకేసారి మూడు జతలు కొన్నారనీ, నొప్పులకి రాసుకునే మందు పెద్ద సీసాయే పట్టుకెళ్ళారనీ అన్నాడు. లిఫ్టు శుభ్రంగా పనిచేస్తుంటే దాన్ని వదిలేసి, రోజూ డాబా దాకా మెట్లెక్కి వెళ్తున్నారని కూడా చెప్పాడు. ఎందుకండీ?

మీకు డెబ్బై దాటాయి. నేను బీమా ఆఫీసులో క్లెయిముల సెక్షన్లో ఉంటానని మీకు తెలుసు. పొద్దున్న కూర్చుంటే సాయంత్రం దాకా నా టేబుల్ మీదికి వచ్చేవన్నీ పడ్డవాళ్ళ కాగితాలే. స్నానాల గదిలో పడ్డవాళ్ళు, స్టూలెక్కి బల్బు మారుస్తూ పడ్డవాళ్ళు. మెట్ల మీద పడ్డవాళ్ళకైతే విడిగా ఒక బీరువాయే ఉంది. దాన్ని తెరిచినప్పుడల్లా మీరు గుర్తొస్తున్నారు.

పార్శిల్లో చేతికర్ర పంపుతున్నాను. అడుగున రబ్బరు బిళ్ళ ఉంది, జారదు. దయచేసి వాడండి.

మీ అల్లుడు

తా.క. వాడమన్నాను కదా అని మెట్లెక్కడానికి వాడకండి.


అల్లుడుగారికి ఆశీస్సులు.

కర్ర అందింది. ఇంత తిన్నని కర్ర ఈ మధ్య ఎక్కడా చూడలేదు. రోజూ వాడుతున్నాను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నానేమిటని అనుకోకండి. ఫోన్లో నాకు సగమే వినిపిస్తుంది. మీరు కంగారుపడితే ఆ సగం కూడా మీ గొంతులోనే ఉండిపోతుంది. ఉత్తరమైతే నిదానంగా చదువుకుని నిదానంగా కోప్పడొచ్చు.

మెట్ల సంగతి అడిగారు. యూనిఫారాలు కుట్టే షాపులో చేరిన నాటి నుంచి మానేసిన నాటి దాకా నేను మిషను ముందు కూర్చునే ఉన్నాను. ఎంతమంది పిల్లలు నేను కుట్టిన లాగూలు వేసుకుని పరుగులు తీశారో లెక్కలేదు, నేను మాత్రం కుర్చీ దిగలేదు. ఇప్పుడు దిగాను. అంతే, ఇంకేం లేదు.

పట్టీలు మూడు జతలూ నాకోసమే కాదు. నాకున్నవి రెండే మోకాళ్ళు.

అత్తయ్య

తా.క. ఒక కర్ర చాలడం లేదు. సరిగ్గా అదే పొడవుది ఇంకొకటి పంపగలరా?


అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ తా.క. చదివాక అన్నం సయించలేదు. ఒక కర్ర చాలడం లేదంటే ఏమిటో నాకు తెలియనిది కాదు. రెండో కాలు కూడా మొరాయించిందన్నమాట. ఇంత పెద్ద విషయాన్ని ఉత్తరం అడుగున, ఉప్పు తెమ్మన్నట్టు రాస్తారా?

కర్ర పంపుతున్నాను. దాంతోపాటు చక్రాల కుర్చీ కూడా బయల్దేరింది. మడత పెట్టేది. వాళ్ళే తెచ్చి, విప్పి, మీకు చూపిస్తారు. మొహమాటపడకుండా కూర్చోండి.

ఇంకొకటి అడగాలి. నన్ను తప్పుగా అనుకోకండి. మందుల షాపాయన మళ్ళీ చెప్పాడు. "మీ అత్తగారు డాబా మీదికి ఇసుక మోస్తున్నారండీ, సంచులు సంచులుగా," అన్నాడు. మీ డాబా మీద కొత్త గది ఏమైనా కడుతున్నారా? మీరు ఆ పనికి కుదిరారా? పింఛను సరిగ్గా రావడం లేదా? నేనున్నానండీ. నన్ను అడగడానికి మీకు మొహమాటమెందుకు?

మీ అమ్మాయికి చెప్పలేదు. చెప్తే నవ్వుతుంది. ఈ ఇంట్లో భయపడటానికి నేనొక్కణ్ణే ఉన్నాను.

మీ అల్లుడు

తా.క. ఇసుక తడిగా ఉంటే ఇంకా బరువుంటుంది. అసలు ముట్టుకోకండి.


అల్లుడుగారికి ఆశీస్సులు.

మీ ఉత్తరం రెండో అంతస్తు టీచరమ్మకి చదివి వినిపించాను. నవ్వలేక గోడ పట్టుకుంది. పట్టుకోకపోతే మీ బీరువాలో చేరేది.

సరే, మొదటి నుంచి చెప్తాను. పొద్దున్నే డాబా మీద ముగ్గురం చేరతాం. నేను, టీచరమ్మ, పక్క ఫ్లాటు డ్రైవరుగారు. ఆయన లారీ నడిపీ నడిపీ స్టీరింగు ముందున్నట్టే వంగిపోయారు. మీరు పంపిన కర్రని భుజాల వెనక అడ్డంగా పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేస్తే వీపు ఎంత నిటారుగా నిలబడుతుందో చెప్పలేను. అది చూసి టీచరమ్మ నాకూ కావాలంది. రెండో కర్ర కథ అది. నా కాళ్ళు రెండూ ఉన్నచోటే ఉన్నాయి.

ఇసుక గురించి. పాత ప్యాంట్ల కాళ్ళు కత్తిరించి చిన్న చిన్న సంచులు కుట్టాను. ఒక్కోదాంట్లో రెండేసి గుప్పిళ్ళ ఇసుక. వాటిని చీలమండలకి కట్టుకుని కాలు ఎత్తి దించుతాం. నేను కుట్టినవి కాబట్టి ఒక్క రేణువు కారదు.

చక్రాల కుర్చీ దివ్యంగా ఉంది. ఒకరు కూర్చుంటే ఇంకొకరు డాబా చుట్టూ తోస్తారు. భుజాలకి మంచిది. తోయడానికి పోటీగా ఉంది కానీ కూర్చోవడానికే ఎవరూ దొరకడం లేదు.

ఇక నవ్వులాట కానిది ఒకటి. మీ మామగారిని డాక్టరు మొదట పది రోజులు రెస్టు తీసుకోమన్నాడు. ఆ పది రోజులూ అయ్యాక లేస్తానంటే మేమే పడుకోబెట్టాం. మంచినీళ్ళు మంచం దగ్గరికే తెచ్చాం. ప్రేమేగా అది కూడా. చివరికి లేవమన్నా ఆయన కాళ్ళకి ఆ మాట అర్థం కాలేదు. ఆయన్ని మంచం మీద అటూ ఇటూ తిప్పింది నేనే కాబట్టి, కదలని ఒళ్ళు ఎంత బరువుంటుందో నాకు తెలుసు. అలా పోవడం నాకు ఇష్టం లేదు.

అత్తయ్య

తా.క. మీ మందుల షాపాయన సంచులు ఏమిటో చూసి పోదామని పైకి వచ్చాడు. ఇప్పుడు ఆయన కాళ్ళకీ రెండున్నాయి. ఇకమీదట మీకు వార్తలు ఆలస్యం కావచ్చు.


అత్తయ్యగారికి నమస్కారాలు.

నిజమే, షాపాయన ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తినా ఆయాసపడుతున్నాడు.

మామగారి గురించి మీరు రాసింది చదివాను. నేనూ ఒకటి రాస్తాను. మా నాన్న గుండెపోటుతో పోయారని మీకు చెప్పాం. ఎలాగో ఎప్పుడూ చెప్పలేదు. నన్ను కాలేజీలో చేర్చడానికి ఇద్దరం బయల్దేరాం. బస్సు కదిలిపోతోంది. నేను ముందు పరుగెత్తి ఎక్కేశాను. "రా నాన్నా, రా," అని తలుపు దగ్గర నిలబడి చెయ్యి చాచాను. ఆయన నా పెట్టె మోసుకుంటూ పరుగెత్తి, నవ్వుతూనే ఎక్కారు. సీట్లో కూర్చుని చొక్కా పై గుండీ విప్పుకున్నారు. తర్వాతి స్టాపు వచ్చేసరికి లేరు. అంతకు ముందు వారం రోజులుగా మెట్లెక్కుతుంటే ఛాతీ బరువుగా ఉందని అమ్మతో అన్నారట. ఎవరూ పట్టించుకోలేదు.

అప్పటి నుంచి నాకు ఎవరు పరుగెత్తినా చూడబుద్ధి కాదు. మీ అమ్మాయి బస్సు కోసం గబగబా నడిస్తే, తర్వాతి బస్సుకి వెళ్దాం అంటాను. అందరూ నవ్వుతారు. నవ్వనివ్వండి.

మీకు కోపం వచ్చే పని చేశాను. మీ అపార్ట్‌మెంట్ సెక్రటరీతో మాట్లాడాను. డాబా మీద ఎవరికైనా ఏమైనా అయితే బాధ్యత ఎవరిదని అడిగాను. ఆయన భయపడ్డాడు. రేపటి నుంచి తలుపుకి తాళం వేస్తానన్నాడు.

మీ అల్లుడు

తా.క. తిట్టండి. ఉత్తరంలోనే తిట్టండి, తిట్టడానికి ఇంత దూరం బయల్దేరకండి.


అల్లుడుగారికి.

తాళం పడింది. టీచరమ్మ టీవీ చూస్తోంది. డ్రైవరుగారు మళ్ళీ వంగారు. నేను మీరు పంపిన కుర్చీలో కూర్చున్నాను. మీ నాన్నగారి గురించి చదివాక మిమ్మల్ని తిట్టడానికి నోరు రాలేదు.

మీరు కోరినట్టే ఉన్నాను.

అత్తయ్య


అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. తా.క. లేదు. కవరు చింపి లోపల కూడా చూశాను.

తిట్టి ఉంటే హాయిగా ఉండేవాణ్ణి. మీరు కుర్చీలో కూర్చున్నారని చదివితే నా ప్రాణం కుదుటపడాలి కదా. పడలేదు. ఆఫీసులో కాగితాలు చూస్తుంటే పడ్డవాళ్ళంతా ఏదో ఒకటి చేస్తూ పడ్డవాళ్ళేనని తట్టింది. ఏమీ చెయ్యకుండా మంచానికి అతుక్కుపోయినవాళ్ళకి మా దగ్గర క్లెయిము లేదు. అందుకని వాళ్ళు నా కంటపడరు. అంతే కానీ, వాళ్ళు లేరని కాదు.

మీ అమ్మాయికి అన్నీ చెప్పేశాను. ఈసారి నవ్వలేదు. "మా అమ్మని కూర్చోబెట్టింది మీరా?" అని ఒక్కటే అడిగి లోపలికి వెళ్ళిపోయింది. దానికన్నా నవ్వే నయం.

సెక్రటరీకి ఫోన్ చేశాను. వేసిన తాళం తియ్యాలంటే రాతపూర్వకంగా కావాలన్నాడు. రాశాను. తీస్తాడు. మీరు మళ్ళీ వెళ్ళండి. నేను భయపడుతూనే ఉంటాను. దాని పని దానిది, మీ పని మీది. ఛాతీ దగ్గర బరువుగా అనిపిస్తే మాత్రం ఆగండి. ఇంకేమీ అడగను.

మీ అల్లుడు

తా.క. మీ తర్వాతి ఉత్తరం ఎంత చిన్నదైనా ఫరవాలేదు. తా.క. మాత్రం ఉండాలి.


అల్లుడుగారికి మనసారా ఆశీస్సులు.

ముందు ఇది చదవండి. నేను బాగున్నాను. ఆసుపత్రి నుంచి రాస్తున్నాను. ఈ రెండు వాక్యాలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టడానికి చాలాసేపు ఆలోచించాను. ఆపరేషను కాదు, చిన్న పనేనన్నారు కాబట్టి అయ్యేదాకా అమ్మాయికి కూడా చెప్పొద్దన్నాను. ఇప్పుడు ఇద్దరూ కలిసి కోప్పడండి.

తాళం తీశారు. మొదటి రోజే బయల్దేరాను. రోజూ టీచరమ్మతో కబుర్లాడుతూ ఎక్కే మెట్లే. మూడో అంతస్తు మలుపులో మాట మధ్యలో తెగింది. ఛాతీ మీద ఎవరో చెయ్యి పెట్టి నొక్కినట్టు అనిపించింది. నొప్పి కూడా కాదు. ఇంకో రోజైతే ఇన్నాళ్ళూ కూర్చున్నందుకు ఆయాసమని సరిపెట్టుకుని ఎక్కేసేదాన్ని. మీ నాన్నగారు గుర్తొచ్చారు. అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. టీచరమ్మతో, "నాకు బాగాలేదు, డ్రైవరుగారిని పిలువు," అన్నాను. డ్రైవరుగారు కారు తీశారు. లారీ నడిపినట్టే నడిపారు కానీ చేర్చారు.

గుండెకి వెళ్ళే నాళం ఒకటి సన్నబడిందట. చిన్న గొట్టం వేసి తెరిచారు. డాక్టరు ఏమన్నాడంటే, "మీరు రోజూ మెట్లెక్కే మనిషి కాబట్టి తేడా తెలిసింది. కుర్చీలో కూర్చునే ఉంటే ఇది చెప్పాపెట్టకుండా వచ్చేది," అన్నాడు. నేను, "ఆగమని చెప్పిన మనిషి వేరే ఉన్నాడు," అన్నాను. కాబట్టి అల్లుడుగారూ, మీరు చెప్పిందీ సరైనదే, నేను చేసిందీ సరైనదే. ఇద్దరిలో ఎవరు ఊరుకున్నా నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

ఇక అసలు సంగతి. ఒళ్ళు కుదురుకునేదాకా రోజూ నడవాలట. మెల్లగా, ఒంటరిగా కాకుండా. పక్కన నడిచే మనిషి తొందరపడేవాడు కాకూడదు, కంగారుపడి మాటిమాటికీ "ఎలా ఉంది" అని అడిగేవాడైతే మరీ మంచిదన్నాడు. అలాంటి మనిషి నాకు ఒక్కరే తెలుసు. ఆదివారం డ్రైవరుగారు నన్ను మీ ఇంట్లో దింపుతారు. ఒక నెల ఉంటాను. పొద్దున్నే మీరూ నేనూ నడుస్తాం. బస్సు వస్తే రానిద్దాం, పోనిద్దాం. దాని కోసం పరుగెత్తొద్దు.

మీ అత్తయ్య

తా.క. మీరు భోజనం చేసి ఆఫీసులో కూర్చుంటారని, ఇంటికి వచ్చి కూర్చుంటారని, నా గురించి కూర్చుని భయపడతారని డాక్టరుకి చెప్పాను. ఆయన కలం కింద పెట్టి, "ముందు ఆయన్ని డాక్టరుకి చూపించండి," అన్నాడు. మీ ఊళ్ళో ఆయన స్నేహితుడి దగ్గర మీకు మంగళవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.