తుపాకీ అక్షరాల్లో ఎరుపు

అమ్మా, సలాం. నంద్యాలలో నేను బాగుండా, బెంగపడొద్దు. ఫోన్లో చెప్తే నగుతావని కార్డు రాస్తాండా, చెల్లి పర్వీన్‌తో చదివించుకో.

మా తుపాకుల రిపేరి అంగడికి బనగానపల్లె నుంచి నూరేండ్ల నాటి తుపాకీ వచ్చింది. దాని మీద చెక్కిన అక్షరాల్లో ఎరుపు రంగు రాలిపోయింది. మా ఓనరు ఓబుల్‌రెడ్డన్న ఏ పెయింటు నింపినా నూనె గుడ్డ తగిలితే లేచొస్తాండె. నేను సూదితో మసి గీకితే ఒక అక్షరం అడుగున పాత ఎరుపు చుక్క కనపడింది, పండుమిరపకాయ మాదిరి. కాల్చిన సూది ఆనిస్తే కరిగి వాసనొచ్చింది. అమ్మా, అది నీ గాజుల కుంపటి వాసన! లక్క! ఏ దేశంలో ఎవురు చేసినారో గానీ, నీలాగే లక్క కరిగించి నింపినారు. ఓబుల్‌రెడ్డన్న కూడా వాసన చూసి పెయింటు డబ్బాలన్నీ పక్కన పెట్టేసినాడు.

ఎర్ర లక్క కడ్డీ ఒకటి ఆళ్లగడ్డ బస్సులో బేగా పంపు. మోకాలి నొప్పి తగ్గిందా? లక్క గాజులు ఎవురూ కొనడం లేదని కుంపటిని పాతసామాన్లోనికి ఏస్తానంటివి కదా, ఎయ్యొద్దు. ఆదివారం వస్తా, దాని ముందర కూచోబెట్టి నాకు నేర్పు. ఓబుల్‌రెడ్డన్న నీకు సలాం చెప్పమన్నాడు. ఆయప్ప కూడా నాతో వస్తాడంట, నీ చేతులు చూడాలంట.

నీ కొడుకు,
దస్తగిరి