తలుపు మీది ఫొటో

స్టోయిల్,

యాత్రికులు రాకముందే గుహదారి చూసొస్తానని మార్చి ఒకటిన ఒంటరిగా కొండెక్కిన మీ అన్న రంగెల్ తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. అయినా పోయినవాళ్ల పేరిట తలుపులకు అంటించే కాగితం అతని ఫొటోతో అచ్చేయించి నా తలుపుకు అంటిస్తున్నావు. రోజూ చింపేస్తున్నాను.

"ఇంకెన్నాళ్లు చింపుతావే పిచ్చిదానా, పోయాడని ఒప్పుకో" అంది పక్కింటి దోన్కా.

ఇవాళ చింపబోతూ ఫొటో చూశాను. టోపీ సర్దుకుంటున్న అతని మణికట్టుకు, మార్చి ఒకటిన కట్టుకునే దారం ఉంది, ఎరుపూ పసుపూ. అందరూ కట్టేది ఎరుపూ తెలుపూ. ఈ ఏడు తెల్లనూలు అయిపోయి, నా స్వెటర్ లోంచి పసుపు ఊలు లాగి పేనాను. అతను బయలుదేరేటప్పుడు గుమ్మంలోనే కట్టాను.

ఆ రోజు అన్నను చూడనే లేదని పోలీసులకు చెప్పావు. మరి ఈ ఫొటో ఎప్పుడు తీశావు?

ఈ కాగితం చింపను. సాయంత్రం పోలీసులు చూడటానికి వస్తున్నారు. ఆలోగా వచ్చి చెప్పు, రంగెల్ ఎక్కడ?

మీ వదిన