మార్చి కొట్టిన పేజీ

కోర్టు నకళ్ళ విభాగంలో ముప్పై ఒక్క ఏళ్ళు టైపిస్టుగా పనిచేసి విశ్రాంతి పొందిన, అరవై ఎనిమిదేళ్ళ వయసు గల నేను, చేతులు వణుకుతున్నా మతి స్థిమితంగానే ఉండి, ఎవరి ఒత్తిడీ ప్రేరేపణా లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. నేను చెబుతుంటే మేడమీది లెక్కల మాస్టారు రాస్తున్నారు. నేను ఏడ్చినప్పుడు కలం ఆపుతున్నారు.

1. దీని అమలు బాధ్యత నా తమ్ముడి కూతురిది. నా ఉన్ని శాలువా దానికే. చిన్నప్పుడు అందులో దూరితే గానీ దానికి నిద్రపట్టేది కాదు.

2. తమ్ముడికి గోడ గడియారం. అదీ వాడిలాగే ఎప్పుడూ పది నిమిషాలు ముందుంటుంది. ఇరవై రెండేళ్ళ క్రితం నిజం చెప్పేస్తానని నేను నోరు తెరవగానే, "ఊరుకో అక్కా, ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు. ఆ కోపం ఇంకా చల్లారలేదు. అయినా ఊరుకున్నది నేనే.

3. ఆ నిజం ఇది. మా వీధి దర్జీ ఒక వ్యాపారి గోదాము తగలబెట్టాడని కేసు నడిచింది. "మనిషి ముఖం కనబడలేదు" అని కాపలాదారు వాంగ్మూలమిచ్చి, విచారణకు ముందే చనిపోయాడు. హెడ్ గుమాస్తా ఆ పేజీ తెచ్చి, "దర్జీ ముఖం స్పష్టంగా కనబడింది" అని మార్చమన్నాడు. "కొట్టమ్మా, మనకెందుకు" అన్నాడు. కొట్టాను. పావుగంట పని. దర్జీకి తొమ్మిదేళ్ళ జైలు.

4. ఆయన భార్య అర్జీలు రాయించుకోవడానికి నా దగ్గరికే వచ్చేది. "మీరు దేవతమ్మా" అనేది. పదిహేడు అర్జీలు కొట్టిచ్చాను. ఒక్కటీ నెగ్గలేదు. అప్పటినుంచీ నేను దేవుడికి దణ్ణం పెట్టలేదు. ఏ ముఖంతో పెట్టను?

5. జైలు నుంచి వచ్చేసరికి దర్జీకి చూపు పోయింది. హెడ్ గుమాస్తా పోయాడు. ఈమధ్య రికార్డు గదికి వెళితే, పాత ఫైళ్ళు ఎప్పుడో కాల్చేశామన్నారు. దిద్దడానికి ఆ పేజీ కూడా లేదు. పోయిన నెల దర్జీ ఇంటికి వెళ్ళి, భార్యాభర్తల ముందు అంతా చెప్పాను.

దర్జీ అన్నాడు: "తెలుసమ్మా. ముఖం చూడలేదనే చెప్పానని కాపలాదారు పోయేముందు నాతో అన్నాడు. మీ మిషన్లో 'ర' కొంచెం పైకి ఎగురుతుంది. వాంగ్మూలం నకల్లోనూ అంతే, మా ఆవిడ పంపిన అర్జీల్లోనూ అంతే. జైల్లో అవే కదా చదువుకుంది. దీనికి చెప్పలేదు. మీరూ లేకపోతే దీనికి అర్జీ కొట్టిచ్చేదెవరు? మొదటి ఏడాది మీ చేతులు పడిపోవాలని దేవుణ్ణి అడిగా. అడిగీ అడిగీ నాకే భయమేసింది. ఆ తర్వాత మిమ్మల్ని ఒక్కసారి మా ఇంటికి పంపమని రోజూ అడుగుతున్నా."

ఆయన భార్య లేచి వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను తిరిగి వచ్చేసేదాకా తీయలేదు.

6. నా రెండు గదుల ఇల్లు సర్వహక్కులతో ఆ దంపతులకు. వద్దంటే నా మేనకోడలికి. తీసుకోమని గానీ, నన్ను క్షమించమని గానీ ఎవరూ దర్జీ భార్యను బతిమాలకూడదు.

7. ఈ కాగితం నకలు పై కోర్టుకు పంపాలి. వాళ్ళు చదువుతారో లేదో నాకు తెలియదు. విశ్రాంతి పొందేటప్పుడు ఆఫీసు నుంచి నేను కొనుక్కున్న ఆ టైపు మిషనూ దీనితోపాటు అప్పగించాలి.

8. ఈ లోకంలో నా చేతనయ్యేది ఇంతే. ఇదేం సరిపోదు. నా మీద ఫిర్యాదు చేయాల్సిన మనిషే నా కోసం దేవుణ్ణి అడిగాడు, దేవుడు విన్నాడు. నాకున్న ఆశ అదొక్కటే. నెల రోజులుగా నేనూ దణ్ణం పెట్టుకుంటున్నాను. చేతులు ఒకదానితో ఒకటి కలిసి నిలవవు. అలాగే పెడుతున్నాను.

జూలై పదకొండు, ఆదివారం ఉదయం.

సంతకం కుదరనందున ఎడమ బొటనవేలి ముద్ర: కోర్టు టైపిస్టు.

సాక్షులు: మేడమీది లెక్కల మాస్టారు, పక్కింటి నర్సు.